పూనకం కాదన్న రోజు

పోయిన వారం మా అత్త రుక్కమ్మనూ నన్నూ పట్నం దవాఖాన మెట్ల మీద కూర్చోబెట్టి కథ ఆపేశాను. ఆ పెద్దావిడను అక్కడ ఎన్నాళ్లు కూర్చోబెడతావు తల్లీ అని ఒకావిడ ఉత్తరం కూడా రాసింది. కోపం వద్దు, ఇదిగో లేచి వచ్చేస్తున్నాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. నేను భూలక్ష్మిని, అప్పుడు పదిహేడేళ్ల కోడలిని. పుప్పాలగూడలో మాది కుమ్మరి ఇల్లు. మా ఆయన మొగిలి సారె తిప్పేవాడు. అత్త చెక్కతో కొట్టి కుండకు కడుపు తెచ్చేది. అంతకు మూడేళ్ల ముందు ఆమె కుడిచేయి వణకడం మొదలైంది. ఊళ్లో ఎవరూ దాన్ని వణుకు అనలేదు. పోచమ్మ తల్లి ఆమె మీదికి వస్తోందన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు మాకు అందులో అనుమానపడటానికి ఏమీ కనిపించలేదు. ఊరికే కూర్చుంటే చేయి వణికేది, చెక్క పట్టి కుండ కొట్టడం మొదలుపెడితే ఆగిపోయేది. పనికి అడ్డం రావద్దని అమ్మ పక్కకు జరిగిందన్నారు. ఆమె ముఖం బిగిసిపోయి రెప్ప కొట్టడం తగ్గింది. అమ్మవారి చూపు అట్లనే ఉంటుందన్నారు. గొంతు సన్నబడింది. దేవతలు గట్టిగా అరుస్తారా అన్నారు. అన్నిటికీ సమాధానం ఉన్న ఊరు మాది. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, రవికె గుడ్డలు మా అరుగు మీదికి వచ్చేవి. పెళ్లి కుదుర్చుకోవాలన్నా, బర్రెను కొనాలన్నా మా అత్త ముందు కూర్చుని అడిగేవాళ్లు. ఆమె ఒక మాట అంటే అది ఊరికి రాసిచ్చినట్టే.

ఆ ఏడాది ఎండాకాలంలో ఆమె గడపలో రెండుసార్లు తూలి పడింది. దేవత అయితే మాత్రం మోకాళ్లు పగలగొడుతుందా అని నాకు ఒళ్లు మండి, మొగిలి మీద పోరు పెట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ డాక్టరు ఏం చెప్పాడో పోయిన వారం మీకు చెప్పకుండా దాచాను. అది ఈ వారానికే చెందిన మాట.

డాక్టరు చిన్న వయసువాడు. అత్త చేతిని తన చేతిలోకి తీసుకుని మెల్లగా వంచి చూశాడు. లేచి నడవమన్నాడు, వెనక్కి తిరగమన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఊకె కూసున్నప్పుడే వణుకుతదా? పని చేస్తుంటే ఆగుతదా?"

ఎవరూ చెప్పకుండా ఈ సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందని నేను నోరు తెరిచాను.

"ఇది జబ్బమ్మా," అన్నాడు ఆయన అత్తతో. "పార్కిన్సన్ అంటరు. మన దిక్కు వైద్యులు కంపవాతం అంటరు. మొత్తం పోయే మందు లేదు. ఈ చుక్కలు వాడితే జర తగ్గుతది, నోరు ఎండుతది, ఫికర్ చెయ్యకు. కాలు, చెయ్యి ఆడిస్తనే ఉండాలె. మూలకు కూసుంటివా, అది నీ మీదెక్కి కూసుంటది. నలుగురిల ఉండు, నడువు, పని చెయ్యి. మంచిగ బతుకొచ్చు."

అత్త తన చేతిని వెనక్కి తీసుకుంది.

"అయితే నా మీదికి అమ్మ రాలేదా, బిడ్డా?"

"అమ్మ సంగతి నాకు తెల్వదు," అన్నాడు ఆ పిల్ల డాక్టరు. "చెయ్యి సంగతి తెలుసు."

బండిలో తిరిగి వస్తుంటే, గోల్కొండ దాటాక అత్త ఒక్కమాట అంది. "మూడేండ్లు నేను గూడ నమ్మిన, పిల్లా. అమ్మ నన్నే ఎందుకు ఏరుకున్నదా అని మురిసిన." అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె మోకాలి మీద చేయి వేసి ఊరి దాకా అట్లనే ఉన్నాను.

ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో బాగా గడిచాయంటే మీరు నమ్మరు. డాక్టరు మాటలను అత్త పంతంగా పట్టుకుంది. పొద్దున్నే నేనూ ఆమె సీతాఫలం పొదల వెంట ఊరవతలి రాతి గుండ్ల దాకా నడిచేవాళ్లం. ముంత ఎత్తేసరికి ఆమె చేయి బిగిసి అంబలి ఒలికిపోతుందని మొగిలి ఒక కొత్త రకం ముంత చేశాడు. అడుగు బరువు, మూతి వెడల్పు, రెండు పక్కలా రెండు చెవులు. రెండు చేతులతో ఆ చెవులు పట్టుకుని అత్త ఒక్క చుక్క కింద పడకుండా అంబలి తాగిన పొద్దున మొగిలి బయటికి పోయి ఏడ్చి వచ్చాడు. మట్టి పొడి కళ్లలో పడిందన్నాడు. సారె దగ్గర పుట్టి పెరిగినవాడికి ఆనాడే మట్టి కళ్లలో పడింది పాపం.

అయితే అత్తను ఒక మాట తొలుస్తూనే ఉంది. దవాఖాన నుంచి వచ్చిన మూడోనాడు నన్ను పిలిచి, "గౌండ్ల ఎల్లేశం చెయ్యి ఎట్ల వణుకుతదో జర చూసి రాపో," అంది.

ఎల్లేశం తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. రెండేళ్లుగా ఆయన ఎడమచేయి వణుకుతోంది, నడుము వంగిపోయింది, చెట్టెక్కడం ఆగిపోయింది. గుడి ముందరి తాడి నుంచి దించిన తొలి కల్లును అమ్మవారి ముందు సాకగా ధార పోయకుండా అమ్ముకున్నాడని, ఆ పాపమే పట్టిందని ఊరు తేల్చింది. పోశానని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఎవరూ వాళ్లింటికి పోకూడదు. బావి దగ్గర వాళ్లను చేద ముట్టనివ్వకూడదు. ఎవరైనా జాలిపడి నీళ్లు పోస్తే పట్టుకోవాలి.

నేను పోయి చాటుగా చూశాను. ఎల్లేశం గడపలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పెట్టుకున్న చేతిలో బొటనవేలూ చూపుడువేలూ పొగాకు నలుపుతున్నట్టు ఆడుతున్నాయి. చెంబు అందుకోగానే ఆ ఆట ఆగిపోయింది. ముఖంలో కదలిక లేదు, రెప్ప పడటం లేదు. ఇంటికి వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. అత్త ఒళ్లో ఉన్న తన వేళ్ల వంక చూసుకుంది. అవీ పొగాకు నలుపుతున్నాయి.

ఒకటే జబ్బు. మా అరుగు మీద దానికి కొబ్బరికాయలు కొట్టారు, ఎల్లేశం ఇంటికి నీళ్లు ఆపారు.

ఆషాఢం వచ్చింది. ఆ ఏటి బోనాల పొద్దు నాకు ఇప్పటికీ వాసనతో సహా గుర్తుంది. రాత్రి కురిసిన వానకు తడిసిన మట్టి, వేపమండలు, కొత్త కుండల మీద సున్నం, ప్రతి ఇంట్లో ఉడుకుతున్న బెల్లపన్నం. ఊళ్లో ప్రతి బోనం కుండా మా ఇంటిదే. ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని వరసగా గుడికి పోతుంటే, వాటిలో ఏది నేను మట్టి పిసికిన కుండో నేను గుర్తు పట్టగలిగేదాన్ని. గుడి చుట్టూ అప్పుడు గుండ్లూ పొదలే. ఇప్పుడు అటు చూస్తే అద్దాల మేడలు, ఆ మేడల నీడలో గుడి. ఎన్నిసార్లు పోయినా నా కళ్లు ముందు ఆ గుండ్లనే వెతుకుతాయి.

ఆ ఏడాది రామచంద్రం పటేలు ఒక నిర్ణయం చేశాడు. మా అత్త గుడి ముందు కాల్చని పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పాలి. అంటే అమ్మవారి నోటితో ఊరి మంచిచెడ్డలు చెప్పాలన్నమాట. అందులో మొదటి ప్రశ్న ఎల్లేశం గురించి. వాడు ఊళ్లో ఉండాలా, పెళ్లాం పిల్లలతో ఊరు విడిచి పోవాలా? పటేలు చెడ్డవాడు కాదు. అంత పెద్ద మాట తన నోటితో అనడం ఎందుకు, అమ్మే చెబుతుందని ఆయన నమ్మకం.

బోనాల నాటి తెల్లవారి కుండకు పసుపు రాస్తూ నేను అత్తకు ఉపాయం చెప్పాను.

"అత్తమ్మా, నువ్వు జబ్బు ముచ్చట ఎత్తకు. అమ్మ లెక్కనే చెప్పు. ఎల్లేశం తప్పును మన్నించిన, వాన్ని ఊళ్లనే ఉండనియ్యుండ్రి అను. ఆయన బతుకుతడు, నీ మర్యాద నీకుంటది."

నా తెలివికి నేనే మురిసిపోయాను. అత్త మురవలేదు.

"మన్నించిన అంటే తప్పు చేసిండన్నట్టే గదనే. సచ్చేదాక ఆ తప్పు వాని నెత్తి మీదనే ఉంటది. రేపు గూడ వాని చెయ్యి వణుకుతనే ఉంటది. అమ్మ మన్నించినా పోలేదు, ఎంత పాపం చేసిండో అంటరు. ఇగ వాడు దవాఖానకు ఎందుకు పోతడు? మందు ఎందుకు తాగుతడు?"

మొగిలి సారె ఆపాడు. "అమ్మా, గిప్పుడు పూనకం కాదంటే ఊరు మనల్ని దొంగలంటది. ఇగ మన ముఖం చూస్తరా?"

"మనం కుండలు చేసేటోళ్లం, కొడుకా," అంది అత్త. "అమ్మ పేరు చెప్పుకొని బతికేటోళ్లం ఎప్పుడైనం?"

నాకు భయం వేసింది, నిజం చెబుతున్నాను. అత్తకు మంచి జరగాలని ఉంది కానీ, ఊళ్లో మా మర్యాద పోతుందంటే ప్రాణం ఒప్పలేదు. పసుపు చేతులతోనే ఆమె వెంట నడిచాను.

గుడి ముందు డప్పులు ఆగాయి. మొగిలి చేసిన పచ్చికుండ బోర్లించి ఉంది. ఎల్లేశాన్ని ఇద్దరు తీసుకొచ్చి ఓ పక్కన, చేతికర్ర ఇచ్చి నిలబెట్టారు. ఆయన చుట్టూ పది అడుగుల దూరంలో ఎవరూ లేరు.

"ఎక్కు తల్లీ," అన్నాడు పటేలు చేతులు జోడించి.

అత్త కుండ ఎక్కలేదు. పక్కనే నిలబడి ఏదో అంది. ఆ సన్నటి గొంతు ముందు వరస దాకా కూడా పోలేదు. అందరూ నా వైపు చూశారు. అప్పుడు అర్థమైంది నా గతి ఏమిటో. ఆమె చెప్పిన ప్రతి మాటా నేను అరిచి చెప్పాలి. పెద్దల ముందు తలెత్తని కోడలిని, పటేలు ముందు గొంతు చించుకోవాలి.

"నా మీదికి అమ్మ రాలేదంటుంది!" అని అరిచాను. నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. "నాకు వచ్చింది రోగమంటుంది! పట్నంల డాక్టరు చూసి చెప్పిండు!"

పటేలు నా వైపు జాలిగా చూశాడు.

"పిల్లా, అమ్మ మనల్ని పరీక్ష చేస్తుంది. నువ్వు సరిగ్గ విను."

చూశారా మా ఊరి తెలివి. కాదన్నా అమ్మే కాదన్నదంటారు. అత్తకు కోపం వచ్చింది. ముఖం కదలని మనిషికి కోపం వస్తే మెడ నరాల్లో తెలుస్తుంది, నాకు తెలుసు.

"ఎల్లేశం దగ్గరికి పోతనని చెప్పు," అంది.

చెప్పాను. అత్త తిరిగి ఒక అడుగు వేసింది. రెండోది పడలేదు. పాదాలు నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోయాయి, ఒళ్లు మాత్రం ముందుకు వంగుతోంది. ఇంట్లో గడపల దగ్గర ఇట్లా అయ్యేది. పెనుగులాడిన కొద్దీ ఇంకా బిగిసేది.

"అమ్మ కాళ్లు పట్టింది!" అని ఎవరో కేక వేశారు. ఆడవాళ్లు మోకాళ్ల మీద కూలబడ్డారు. డప్పు మళ్లీ మొదలైంది. నేను అత్త నడుము పట్టుకుని, ఇంకేముంది, అంతా అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఆమె ఏం చెప్పినా వినేవాళ్లు లేరు.

అప్పుడు ఎల్లేశం కదిలాడు. ఆపబోయిన వాళ్లను తోసుకుని చిన్న చిన్న అడుగులతో వచ్చాడు. చేతికర్రతో మా అత్త పాదాల ముందు తడి మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు. దానికి జానెడు దూరంలో ఇంకొకటి, తర్వాత ఇంకొకటి.

"వదినే, చదును మీద అడుగు పడదు. అడ్డం ఏదన్న ఉంటే పడ్తది. పొలం ఒడ్లు దాటంగ నాకు తెలిసింది. నేలను చూడకు, గీతను చూడు. గీత దాటు."

అత్త గీతను చూసింది. కాలు లేచింది. దాటింది. రెండోది, మూడోది. వాన వెలిసిన ఆ పొద్దు వెలుగులో, మా అత్త ఎక్కడా ఆగకుండా ఎల్లేశం గీసుకుంటూ పోయిన గీతలన్నీ దాటుకుంటూ గుడి అరుగు దాకా నడిచింది. డప్పు ఆగింది. ఏ దేవతా పట్టని కాళ్లు అవి. ఒక వణికే మనిషి ఇంకొక వణికే మనిషికి చెప్పిన ఉపాయంతో నడిచిన కాళ్లు. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. అత్త కుడిచేయి, ఎల్లేశం ఎడమచేయి పక్కపక్కన ఒళ్లో పెట్టారు. రెండూ ఒకే తీరుగా వణుకుతున్నాయి. నేను చెరొక చెంబు అందించాను. పట్టుకోగానే రెండూ నెమ్మదించాయి. చెంబులు తీసుకున్నాను. మళ్లీ మొదలు. ఈసారి నేను అరవాల్సిన పని రాలేదు. ఊరంతా దగ్గరికి వచ్చి వంగి చూసింది, ఆ పది అడుగుల దూరం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

"మరి సాక సంగతేంది?" అన్నాడు పటేలు. గొంతులో మునుపటి పట్టు లేదు.

"పోసిన పటేలా," అన్నాడు ఎల్లేశం. "రెండేండ్ల సంది చెప్తున్న. నా ముఖం చూసి అబద్ధమన్నరు. ముఖం ఏడ్వది, నవ్వది, నేనేం చేద్దు? లోపల ఏడ్చింది మీకెట్ల కనిపియ్యాలె?"

పటేలు తల దించుకున్నాడు. తనే వంగి ఆ పచ్చికుండను పక్కకు జరిపాడు. "ఊరిడిచే మాట లేదు. బావి కాడ ఇగ ఎవ్వడు అడ్డం రావద్దు," అన్నాడు. ఎల్లేశం పెళ్లాం ఎక్కడినుంచో వచ్చి మా అత్త కాళ్లు పట్టుకోబోతే అత్త ఆపింది.

"కాళ్లు మొక్కకు. రేపు తెల్లారి మీ ఆయనను మా ఇంటికి తోలియ్యి. ఇద్దరం గుండ్ల దాక నడుస్తం. ఆయన గీతలు గీస్తడు, నేను ముంతల అంబలి పోస్త."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు నలుగురికీ పాకింది. వెనకనుంచి ఒక ముసలాయన, వట్టినాగులపల్లిలో తన తమ్ముడికి కూడా ఇట్లనే ఉందని, పిలుచుకు రావచ్చా అని అడిగాడు. అన్నిటికీ తలూపుతూ అత్త అంత తేలికగా కూర్చోవడం నేను మూడేళ్లలో చూడలేదు. ఊరు మమ్మల్ని దొంగలనలేదు. ఇంత సులువా అనుకున్నాను. పదిహేడేళ్ల వయసుకు అన్నీ సులువే.

అంతలో జనంలోంచి చంద్రమ్మ వచ్చింది. మా వెనక వాడలో ఉంటుంది, ఒక్కగానొక్క కొడుకు తల్లి. నెత్తిమీద బోనం ఇంకా దించలేదు. అత్త ఎదురుగా వచ్చి నిలబడ్డాక నెమ్మదిగా దించి కింద పెట్టింది.

"రుక్కమ్మక్కా, పోయినేడు ఉగాదికి నేను నీ దగ్గరికి వచ్చిన. యాదికున్నదా?"

అత్త తలెత్తి ఆమె ముఖం చూసింది.

"కోడలు వచ్చిన ఆర్నెల్లకే ఇంటాయన పాయె, ఎడ్లు పాయె. ఈ పిల్లను ఇంట్ల ఉంచుకోవాల్నా అమ్మా అని అడిగిన. నువ్వు నోరు తెరువలే. నీ చెయ్యి ఊగింది. వద్దు, పంపియ్యి అని అమ్మ చేత్తోని చెప్పిందనుకున్న." చంద్రమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. "అదే పొద్దు ఆ పిల్లను మాదాపూర్ల తల్లిగారింటి గడప ముందల దించి, ఎనకకు చూడకుండ వచ్చిన. నీళ్లు పోసుకున్న పిల్ల. నా కాళ్ల మీద పడి ఏడ్చినా వినలే. అమ్మ మాట గదా అని. ఇప్పుడు చెప్పక్కా. ఆనాడు ఊగింది ఎవరి చెయ్యి?"

మా అత్త ఒళ్లో ఉన్న తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. అందరూ చూస్తుండగా ఆ చేయి అట్లనే ఊగుతూ ఉంది.